వ్యూషెడ్ రన్ అయింది, మ్యాప్ మీద మాత్రం ఏమీ లేదు: ఏం చూసుకోవాలి, ఎలా సరిచేయాలి

ఈ ఒక్క ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కే లేదు. "అన్నా, క్యూజిఐఎస్‌లో వ్యూషెడ్ కొట్టాను, ఎర్రర్ ఏమీ రాలేదు, గ్రీన్ బార్ కూడా నిండింది, కానీ అవుట్‌పుట్ లేదు" అని. విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా. కొత్తవాళ్ళకి: క్యూజిఐఎస్ అంటే మ్యాపుల పనికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్, వ్యూషెడ్ అంటే ఒక చోట నిలబడితే చుట్టూ ఏ నేల కనబడుతుందో, ఏది కనబడదో ఎత్తుల లెక్కతో తేల్చే మ్యాప్.

ముందే ఒక మాట. పదిమందిలో ఏడెనిమిది మందికి అవుట్‌పుట్ వచ్చే ఉంటుంది, కనబడదంతే. గోరంత సైజులో ఉంటుంది, లేదా మొత్తం నల్లగా ఉంటుంది, లేదా ఇంకెక్కడో పడి ఉంటుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసే పని దయచేసి పెట్టుకోకండి, దానివల్ల ఇది బాగవ్వగా నేనైతే చూడలేదు.

ఉదాహరణకి భువనగిరి కోట తీసుకుందాం. ఒకే బండ, చుట్టూ దాదాపు చదును, పైనుంచి ఏమేం కనబడతాయో అక్కడికి ఎక్కినవాళ్ళకి తెలుసు. అంటే జవాబు ముందే కొంత తెలిసిన కేసు, ప్రాక్టీసుకి అలాంటిదే మంచిది. మీ ఊళ్ళో మీరు ఎక్కిన గుట్ట ఉంటే అదే పెట్టుకోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- క్యూజిఐఎస్ 3, అందులో జీడాల్ (క్యూజిఐఎస్ లోపల రాస్టర్ పనులు చేసిపెట్టే లైబ్రరీ) 3.1 గానీ ఆపైది గానీ. వ్యూషెడ్ టూల్ జీడాల్‌లోకి వచ్చిందే 3.1లో, అంతకంటే పాతదైతే టూల్ లిస్టులోనే ఉండదు.
- విజిబిలిటీ అనాలిసిస్ ప్లగిన్. ఒక్క పాయింటే అయితే అక్కర్లేదు, నాలుగైదు పాయింట్లు ఒకేసారి కావాలంటే ఇదే హాయి.
- డెమ్, అంటే ఎత్తుల రాస్టర్, ఒక్కో పిక్సెల్‌లో ఆ చోటి ఎత్తు ఉండే ఫైల్. ఎస్‌ఆర్‌టీఎమ్ (స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచిన ఎత్తులు) 30 మీటర్లది సరిపోతుంది, ఇస్రో వాళ్ళ కార్టోడెమ్ అయినా పర్లేదు.
- నిలబడే చోటు పాయింట్. భువనగిరి గుట్ట అయితే సుమారు 17.51 ఉత్తరం, 78.89 తూర్పు.
- ఒక మామూలు ఫోల్డర్. సి డ్రైవ్‌లోనో డి డ్రైవ్‌లోనో, పేరులో స్పేస్ లేకుండా, తెలుగు అక్షరాలు లేకుండా. క్లౌడ్‌కి సింక్ అయ్యే ఫోల్డర్ వద్దు.

స్టెప్ 1: ఫైల్ అసలు పుట్టిందా?

రన్ అయ్యాక ఆ డైలాగ్ వెంటనే మూసేయకండి, లాగ్ ట్యాబ్ కిందిదాకా చదవండి. ఎర్ర అక్షరాలు ఉంటే సమాధానం అక్కడే ఉన్నట్టు. మూసేశారా, ఏం పర్లేదు, ప్రాసెసింగ్ మెనూలో హిస్టరీ ఉంటుంది, ఏ వాల్యూలు ఇచ్చి రన్ చేశారో అందులో దొరుకుతుంది.

తర్వాత అదే డైలాగ్‌లో "ఓపెన్ అవుట్‌పుట్ ఫైల్ ఆఫ్టర్ రన్నింగ్ అల్గారిథం" అనే టిక్ ఉందేమో చూడండి. అది పోయిందంటే ఫైల్ డిస్క్ మీద బుద్ధిగా కూర్చుని ఉంటుంది, లేయర్ ప్యానెల్‌లోకి మాత్రం రాదు. అవుట్‌పుట్ పేరు ఇవ్వకుండా వదిలేస్తే అది టెంపరరీ ఫైల్, క్యూజిఐఎస్ మూసి మళ్ళీ తెరిస్తే ఉండదు, "నిన్న వచ్చింది ఇవాళ మాయమైంది" అనే కంప్లైంట్లన్నీ దాదాపు ఇవే. పేరు ఇచ్చి, చివర టిఫ్ ఎక్స్‌టెన్షన్ పెట్టి సేవ్ చేసుకోండి.

స్టెప్ 2: లేయర్ ఉంది, కనబడట్లేదు

లేయర్ మీద రైట్ క్లిక్, జూమ్ టు లేయర్. ఈ ఒక్క క్లిక్‌తో సగం మంది ఇక్కడే ఆగిపోతారు, మిగతాది చదవక్కర్లేదు.

ఎందుకంటే జీడాల్ వ్యూషెడ్ డైలాగ్‌లో మ్యాక్సిమమ్ డిస్టెన్స్ అనే బాక్స్‌లో ముందే 100 అని ఉంటుంది. వంద మీటర్లు! ఆ టూల్ అవుట్‌పుట్‌ని ఆ దూరానికే కత్తిరించి ఇస్తుంది. 30 మీటర్ల డెమ్ మీద వంద మీటర్లంటే అటు మూడు నాలుగు పిక్సెల్స్ ఇటు మూడు నాలుగు పిక్సెల్స్, అంతే గడి. మీరేమో యాదాద్రి భువనగిరి జిల్లా మొత్తం స్క్రీన్ మీద పెట్టుకుని వెతుకుతుంటారు, అది గుట్ట మీద నలుసులా ఉంటుంది, ఎలా కనబడుద్ది చెప్పండి. ఆ 100 తీసేసి 20000 పెట్టండి, మళ్ళీ రన్ చేయండి.

ప్లగిన్ వాడేవాళ్ళకి ఈ దూరం ఇక్కడ ఉండదు, పాయింట్ల టేబుల్‌లోనే రేడియస్ అనే కాలమ్‌లో ఉంటుంది, దాని సంగతి స్టెప్ 6లో.

స్టెప్ 3: లేయర్ ఉంది, మొత్తం నల్లగా ఉంది

ఇది రంగుల గొడవ అవ్వొచ్చు. క్యూజిఐఎస్ రాస్టర్‌లో కనిష్ఠం గరిష్ఠం ఎంతో వెతికేటప్పుడు పిక్సెల్స్ అన్నీ చూడదు, టైమ్ కలిసొస్తుందని కొన్ని శాంపిల్ చూసి అంచనా వేస్తుంది. కనబడే పిక్సెల్స్ బాగా తక్కువుంటే ఆ శాంపిల్‌లో ఒక్కటీ పడదు, ఇంక దానికి అంతా సున్నాయే, అంతా నలుపే.

ఏం చేయాలంటే:

1. లేయర్ ప్రాపర్టీస్, సింబాలజీకి వెళ్ళండి.
2. రెండర్ టైప్‌లో "ప్యాలెటెడ్, యునీక్ వాల్యూస్" ఎంచుకోండి.
3. క్లాసిఫై నొక్కండి.

జీడాల్‌తో చేసింది అయితే 0, 255 అని రెండు వరసలు రావాలి, 255 అంటే కనబడేది. ప్లగిన్ బైనరీ అయితే 0, 1. సున్నాకి రంగు తీసేసి, రెండోదానికి ముదురు ఎరుపో పచ్చో ఇవ్వండి. రెండు వరసలు వచ్చాయంటే మీ ఎనాలిసిస్ నడిచినట్టే, పోయి టీ తాగి రండి. ఒక్క 0 మాత్రమే వస్తే నిజంగానే సమస్య ఉంది, కింది స్టెప్పులకి రండి.

గ్రాస్ (క్యూజిఐఎస్ నుంచే నడపగలిగే ఇంకో మ్యాపుల సాఫ్ట్‌వేర్) లోని ఆర్ డాట్ వ్యూషెడ్ వాడేవాళ్ళకి వేరే తికమక. అది మామూలుగా 0, 1 ఇవ్వదు, కోణం ఇస్తుంది: నేరుగా కిందికి 0, ఎదురుగా 90, నెత్తి మీద 180. కనబడని చోట ఖాళీ, అంటే పారదర్శకం. దూరంగా ఉన్న నేలంతా 90 చుట్టుపక్కలే ఉంటుంది, మీరు నిలబడ్డ పిక్సెల్ ఒక్కటి 180 ఉంటుంది, ఆ ఒక్కదాని పుణ్యమా అని మిగతాదంతా ఒకే బూడిదరంగులోకి పోతుంది, చూసేవాడికి "ఏమీ రాలేదు" అనిపిస్తుంది. బూలియన్ అవుట్‌పుట్ టిక్ పెట్టి రన్ చేస్తే 0, 1 వచ్చేస్తాయి.

స్టెప్ 4: డెమ్ డిగ్రీల్లో ఉందా, మీటర్లలో ఉందా

డౌన్‌లోడ్ చేసిన ఎస్‌ఆర్‌టీఎమ్ డిగ్రీల్లో ఉంటుంది. దాని సీఆర్‌ఎస్, అంటే చోట్లకి అంకెలిచ్చే పద్ధతి, ఈపీఎస్‌జీ 4326 (ఒక్కో పద్ధతికి ఒక్కో ఈపీఎస్‌జీ నంబరు ఉంటుంది). మీరు దూరం 20000 అని ఇస్తే ఆ డెమ్‌కి అది ఇరవై వేల డిగ్రీలు. దూరం హద్దు పనిచేయదు, భూమి వంపు లెక్క తప్పుతుంది, కొన్నిసార్లు మెమరీ చాలక మధ్యలోనే కూలబడుతుంది. జీడాల్ వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, ప్రొజెక్టెడ్ సీఆర్‌ఎస్ (డిగ్రీల్లో కాక మీటర్ల లాంటి కొలతల్లో ఉండేది) ఉంటేనే అర్థమున్న రిజల్ట్ వస్తుందని.

రాస్టర్ మెనూలో ప్రొజెక్షన్స్, అందులో వార్ప్, రాస్టర్‌ని వేరే సీఆర్‌ఎస్‌లోకి మార్చే టూల్ ఇదే. టార్గెట్ ఈపీఎస్‌జీ 32644, అంటే యూటీఎమ్ (భూమిని జోన్లుగా కోసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44 ఉత్తరం. రిజల్యూషన్ 30. రీశాంప్లింగ్ బైలీనియర్ పెట్టండి, నియరెస్ట్ నైబర్ పెడితే ఎత్తుల్లో మెట్లు మెట్లుగా గీతలు వచ్చి చూపుకి అడ్డం పడతాయి.

జోన్ దగ్గర ఒక జాగ్రత్త, 44 జోన్ 78 డిగ్రీల తూర్పు నుంచి 84 దాకా. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం ఇందులోకే వస్తుంది గానీ అనంతపురం, హిందూపురం, ఆదోని, మంత్రాలయం, నారాయణపేట, జహీరాబాద్ వైపు వాళ్ళు 78కి పడమర ఉన్నారు, వాళ్ళది 43 జోన్, ఈపీఎస్‌జీ 32643.

ఇక్కడ అందరూ చేసే తప్పు: వార్ప్ చేయకుండా లేయర్ మీద రైట్ క్లిక్ కొట్టి "సెట్ లేయర్ సీఆర్‌ఎస్" లో 32644 పెట్టేయడం. అది లోపలి అంకెల్ని మార్చదు, పైన పేరు మాత్రం మారుస్తుంది. 78.89 డిగ్రీలు కాస్తా 78.89 మీటర్లు అయిపోతుంది, మీ భువనగిరి గుట్ట వెళ్ళి శ్రీలంకకి నైరుతిగా హిందూ మహాసముద్రంలో, సరిగ్గా భూమధ్యరేఖ పక్కన తేలుతుంది. డెమ్ స్క్రీన్ మీదినుంచి ఉన్నట్టుండి మాయమైందంటే మీరు చేసింది ఇదే. లేయర్ సీఆర్‌ఎస్ మళ్ళీ 4326కి పెట్టి వార్ప్ చేయండి.

స్టెప్ 5: పాయింట్ నిజంగా డెమ్ మీద ఉందా

స్క్రీన్ మీద రెండూ ఒకదానిమీద ఒకటి కనబడుతున్నాయి కదా అంటారు. క్యూజిఐఎస్ వేర్వేరు సీఆర్‌ఎస్‌లు ఉన్నా మన కళ్ళకోసం అప్పటికప్పుడు కలిపి చూపిస్తుంది, టూల్ మాత్రం ఫైల్లో ఉన్న అంకెలే తీసుకోవచ్చు. పాయింట్ లేయర్‌ని కూడా రీప్రాజెక్ట్ లేయర్ టూల్‌తో 32644లోకి మార్చేయండి, గొడవ వదిలిపోతుంది. మార్చాక భువనగిరి ఈస్టింగ్ (ఎక్స్ అంకె) సుమారు 2.76 లక్షలు, నార్తింగ్ (వై అంకె) సుమారు 19.37 లక్షలు ఉండాలి. ఆరంకెలు, ఏడంకెలు. అక్కడ ఇంకా 78 అనో 17 అనో కనబడితే మారలేదన్నమాట.

గూగుల్ మ్యాప్స్ నుంచి కాపీ కొట్టేవాళ్ళకి ఇంకో గుంత. అక్కడ ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం వస్తాయి. ఇక్కడ ముందు ఎక్స్, అంటే రేఖాంశం. 17.51, 78.89 అని అలాగే పేస్ట్ చేశారనుకోండి, మీరు నిలబడింది భువనగిరిలో కాదు, ఉత్తర ధ్రువం దగ్గర నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచు మీద. అప్పుడు జీడాల్ "పాయింట్ డెమ్ బయట ఉంది" అని ఎర్రర్ ఇస్తుంది, అది లాగ్‌లో ఉంటుంది, మనం లాగ్ చదవం. అంకెలు టైప్ చేసే బదులు ఆ బాక్స్ పక్కనున్న మూడు చుక్కల బటన్ నొక్కి మ్యాప్ మీద క్లిక్ చేయడం నయం.

ఇప్పుడు ఐడెంటిఫై టూల్ తీసుకుని, డెమ్ లేయర్ సెలెక్ట్ చేసి, సరిగ్గా పాయింట్ మీద క్లిక్ చేయండి. ఎత్తు రావాలి, కొన్ని వందల మీటర్లలో. మూడు రకాలుగా తేడా రావొచ్చు:

- నో డేటా అని వచ్చింది: అక్కడ డెమ్‌లో చిల్లు ఉంది. ఫిల్ నో డేటా టూల్‌తో పూడ్చండి, లేదా వేరే డెమ్ తెచ్చుకోండి.
- -32768 వచ్చింది: ఎస్‌ఆర్‌టీఎమ్‌లో ఖాళీలకి పెట్టే అంకె ఇది, మీ ఫైల్లో నో డేటాగా నమోదు కాలేదు. అంటే మీ మనిషి ముప్ఫై రెండు కిలోమీటర్ల లోతు బావిలో నిలబడి పైకి చూస్తున్నాడు, వాడికేం కనబడుద్ది! ట్రాన్స్‌లేట్ టూల్‌లో నో డేటా వాల్యూ -32768 అని ఇచ్చి కొత్త ఫైల్ చేసుకుని, ఆ చిల్లుని పైన చెప్పినట్టే పూడ్చండి.
- ఎత్తు వచ్చింది గానీ తక్కువగా ఉంది: పాయింట్ గుట్ట శిఖరం మీద లేదు, పక్క వాలు మీద పడింది. చుట్టూ పదిసార్లు క్లిక్ చేసి అన్నిటికంటే ఎక్కువ అంకె వచ్చే పిక్సెల్‌కి పాయింట్ జరపండి.

మూడోది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ భువనగిరి లాంటి నిట్టనిలువు బండ మీద ఇదే ఎక్కువ దెబ్బ తీస్తుంది. 30 మీటర్ల పిక్సెల్ అంటే ఆ ముక్కలో ఉన్న ఎత్తంతా కలిపి ఒక్క అంకె, శిఖరం కొంచెం అరిగిపోయి వస్తుంది. దానికితోడు పాయింట్ రెండు పిక్సెల్స్ పడమరకి జరిగితే గుట్టే మీ వెనక గోడలా నిలబడుతుంది, తూర్పు వైపు సగం వృత్తం మొత్తం సున్నా.

స్టెప్ 6: ప్లగిన్ వాడేవాళ్ళకి

విజిబిలిటీ అనాలిసిస్ ప్లగిన్‌కి మామూలు పాయింట్ లేయర్ ఇస్తే ఒప్పుకోదు. ముందు అందులోనే "క్రియేట్ వ్యూపాయింట్స్" నడపాలి, అది పాయింట్లకి మనిషి ఎత్తు, టార్గెట్ ఎత్తు, రేడియస్ అనే కాలమ్స్ తగిలించి కొత్త లేయర్ ఇస్తుంది. ఆ కొత్త లేయర్‌నే వ్యూషెడ్‌కి ఇవ్వాలి. చాలామంది అలవాటుగా డ్రాప్‌డౌన్‌లో పాతదే ఎంచుకుంటారు, పేర్లు ఒకేలా ఉంటే మరీను. కొత్తదానికి "చూపు_పాయింట్లు" టైపులో వేరే పేరు పెట్టుకోండి, లేయర్ పేరు తెలుగులో ఉన్నా ఇబ్బంది లేదు, ఫైల్ పేరుకే ఇబ్బంది.

తర్వాత రేడియస్ మార్చాలంటే ఆ కాలమ్‌లోనే మార్చాలి, లేదా క్రియేట్ వ్యూపాయింట్స్ మళ్ళీ నడపాలి. వ్యూషెడ్ డైలాగ్‌లో ఎంత వెతికినా రేడియస్ దొరకదు.

స్టెప్ 7: తేల్చే పరీక్ష

ఇప్పటికీ సున్నాలే వస్తున్నాయా? అబ్జర్వర్ హైట్ 500 మీటర్లు పెట్టి రన్ చేయండి. అవును, ఐదొందలే, గుట్ట మీద ఇంకో పెద్ద గుట్ట పెట్టినట్టు.

వృత్తం దాదాపు నిండుగా వెలిగిందంటే డెమ్, సీఆర్‌ఎస్, పాయింట్, దూరం అన్నీ బాగున్నాయి, మీ అసలు ఎత్తు సరిపోవట్లేదు అంతే. 500కి కూడా సున్నాలే వస్తే ఎత్తు గురించి ఆలోచించడం ఆపేసి 4, 5 స్టెప్పులు మళ్ళీ మొదటినుంచి చూడండి, తప్పు అక్కడే ఉంది.

ఎత్తు సరిపోకపోవడం అంటే, ప్లగిన్‌లో 1.6 మీటర్లు ముందే ఉంటుంది, మనిషి కంటి ఎత్తు, జీడాల్ డైలాగ్‌లో 1 మీటరే ఉంటుంది. గుట్ట మీద అది చాలు. కానీ పొలం మధ్యలో పాయింట్ పెడితే ఎస్‌ఆర్‌టీఎమ్‌లో ఉండే మీటరు, రెండు మీటర్ల ఎగుడుదిగుడే పక్క పిక్సెల్‌లో కట్టలా లేచి చూపు మూసేస్తుంది. పైగా ఎస్‌ఆర్‌టీఎమ్ ఒట్టి నేల కాదు, చెట్లు, బిల్డింగులు కూడా కొంత అందులో కలిసిపోయి ఉంటాయి. హైదరాబాద్ లాంటి చోట ఇది ఇంకా ఎక్కువ. మీరు చూస్తున్నది సెల్ టవర్ కోసమైతే టవర్ ఎత్తు ఇవ్వండి, మేడ మీదినుంచి అయితే మేడ ఎత్తు కూడా కలపండి. ఎదురుగా కనబడాల్సింది నేల కాకుండా గోపురమో ట్యాంకో అయితే దాని ఎత్తు టార్గెట్ హైట్‌లో ఇవ్వాలి, దీన్ని మార్చకుండా వదిలేసి "గోపురం కనబడట్లేదు" అంటారు.

సగం వృత్తమే వచ్చిందా?

ఇది నాకే జరిగింది, చెప్పుకోడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఇదే భువనగిరి, 20 కిలోమీటర్లు పెట్టాను, అంతా బాగానే వచ్చింది గానీ తూర్పు వైపు కత్తితో కోసినట్టు నిలువు గీత, దాని అవతల శూన్యం. అక్కడేదో గుట్టల వరస అడ్డముందనుకుని ఆదివారం సాయంత్రం మొత్తం టోపో షీట్లు తిరగేశాను. గుట్టా లేదు గిట్టా లేదు. ఎస్‌ఆర్‌టీఎమ్ ఒక్కో టైలు ఒక డిగ్రీ, ఎన్17ఈ078 టైలు 79 డిగ్రీల దగ్గర అయిపోతుంది, భువనగిరి నుంచి ఆ గీతకి పన్నెండు కిలోమీటర్లు కూడా ఉండదు. పక్క టైలు ఎన్17ఈ079 నేను వేసుకోనే లేదు.

రెండు టైల్సూ రాస్టర్ మెనూలో మిసలేనియస్ కింద మెర్జ్‌తో కలిపి, ఆ కలిపినదాన్ని వార్ప్ చేయండి. విడివిడిగా వార్ప్ చేసి తర్వాత కలిపితే మధ్యలో సన్నటి సందు మిగలొచ్చు. అడ్డం గుట్టదైతే అంచు వంకరటింకరగా ఉంటుంది, స్కేలు పెట్టి గీసినట్టుంటే మాత్రం అది డేటా అయిపోయిన చోటు.

గ్రాస్ వాడేవాళ్ళకి ఇలాంటి నిలువు కోత రీజియన్ వల్ల కూడా వస్తుంది. రీజియన్ ఎక్స్‌టెంట్ బాక్స్‌లో ఇంతకుముందు పనిది ఏదైనా మిగిలిపోయిందేమో చూసి, డెమ్ లేయర్ నుంచే తీసుకోమని పెట్టండి.

వచ్చింది నిజమేనా అని ఎలా చూసుకోవాలి

ఏదో ఒకటి వచ్చింది కదా అని రిపోర్టులో అతికించేయకండి, కనీసం ఈ నాలుగు చూడండి.

మొదటిది పిక్సెల్ లెక్క. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో రాస్టర్ లేయర్ యునీక్ వాల్యూస్ రిపోర్ట్ అని ఉంటుంది, ఏ వాల్యూకి ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో చెప్తుంది. 20 కిలోమీటర్ల వృత్తం అంటే సుమారు 1257 చదరపు కిలోమీటర్లు, 30 మీటర్ల పిక్సెల్స్‌లో దగ్గర దగ్గర 14 లక్షలు. జీడాల్ ఇచ్చేది చుట్టూ చదరం కాబట్టి మొత్తం 17.8 లక్షల దాకా ఉంటుంది. మీ రిపోర్టులో మొత్తం పదుల్లోనే వస్తే ఆ 100 మీటర్ల బాక్స్ ఇంకా మార్చలేదని.

రెండోది ఎలివేషన్ ప్రొఫైల్. 3.26 నుంచి క్యూజిఐఎస్‌లోనే ఉంది, వ్యూ మెనూలో. భువనగిరి శిఖరం నుంచి ఈశాన్యంగా యాదగిరిగుట్ట దాకా గీత గీయండి, గాలి దూరం 10 కిలోమీటర్లు అటూ ఇటూ. మధ్యలో ఏదైనా లేచి ఉందా లేదా అన్నది కంటికే కనబడుతుంది. వ్యూషెడ్ కనబడుతుందంటున్న చోట ప్రొఫైల్ మధ్యలో గుట్ట అడ్డముంటే ఎక్కడో తేడా కొట్టింది.

మూడోది భూమి వంపు. ఐదు కిలోమీటర్లకి రెండు మీటర్లు, పదికి దాదాపు ఎనిమిది, ఇరవైకి 31 మీటర్ల దాకా నేల కిందికి వంగిపోతుంది, దూరంతో పాటు కాకుండా దూరం వర్గంతో పెరుగుతుంది. గాలి వక్రీభవనం అందులో ఏడో వంతు దాకా వెనక్కి ఇస్తుంది, జీడాల్‌లో కనబడే 0.85714 అదే. ప్లగిన్‌లో, గ్రాస్‌లో దీనికి వేరే టిక్ ఉంటుంది, అది పెట్టకుండా రెండు టూల్స్ రిజల్ట్స్ పోల్చి "ఒకదాంట్లో వచ్చింది ఇంకోదాంట్లో రాలేదు" అని కంగారు పడొద్దు. ఐదు కిలోమీటర్లలోపు పనికి మాత్రం దీని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఎలివేషన్ ప్రొఫైల్ కూడా ఈ వంపు చూపించదు, చివరి అంచున కొద్దిపాటి తేడా వస్తే కారణం అది కావొచ్చు.

నాలుగోది, కుదిరితే ఎక్కి చూడటం. ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని, నాలుగు వైపులా నాలుగు ఫోటోలు తీసుకుని రండి. పొద్దున్నే వెళ్ళండి, పదింటికల్లా ఆ బండ కాలిపోతుంది, మసక కూడా పెరిగి దూరంవి కనబడవు.

ఇవన్నీ చేసినా రాకపోతే అడగండి, కానీ "రావట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఏ టూల్, లాగ్‌లో చివరి పది లైన్లు, డెమ్ సీఆర్‌ఎస్, పాయింట్ దగ్గర ఐడెంటిఫై చేస్తే వచ్చిన ఎత్తు, 500 మీటర్ల పరీక్షలో ఏం వచ్చిందో. ఈ ఐదూ రాయండి.